కెమెరాకు తగిన కచేరీ

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. మా కళా వికాస మండలిలో పనులు జరగవని ఊళ్లో అనుకుంటారు. శుద్ధ అబద్ధం. పని జరుగుతూనే ఉంటుంది, ఆ మాటకొస్తే ఆపుదామన్నా ఆగదు. జరగనివల్లా కచేరీలే. అవి జరగకుండా ఉండటానికి మేం ఎంత చాకిరీ చేశామో తెలిస్తే, మమ్మల్ని అనేవాళ్లకి మళ్లీ నోరు రాదు.

నేను అక్కడ సూపరింటెండెంటుని. పేరు వామనరావు. జిల్లాలో సంగీతానికీ, నాట్యానికీ, హరికథకీ సర్కారు తరఫున వేదిక ఇవ్వడం, చివర్లో శాలువా కప్పడం, ఆ ముచ్చటంతా నివేదికగా రాసి రాజధానికి పంపడం మా పని. నివేదికకి ఒక ఫోటో జతచెయ్యాలి. ఇన్నాళ్లూ దాన్ని ఎవరి ఫోనుతో వాళ్లం తీసి పడేసేవాళ్లం. మా హాల్లో వేదిక మీద దీపాలు మసక, కింద చీకటి, నాకేమో చెయ్యి వణుకు. పోయినేడాది ఒక వీణ కచేరీ ఫోటోలో వీణ పడింది గాని వాయించినావిడ పడలేదు. పైవాళ్లు దాన్ని పట్టుకున్నారు. "సదరు వీణ తనంతట తానే వాయించుకున్నదా? సంజాయిషీ ఇవ్వవలెను" అని మెమో వచ్చింది.

ఆ మెమో వెనకాలే సర్క్యులరు వచ్చింది: "ఇకమీదట స్పష్టమైన ఛాయాచిత్రము జతపరచబడని కచేరీ, జరగనట్లుగా పరిగణించబడును."

ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. మనిషి ఎదురుగా నిలబడి "నేను బతికే ఉన్నానయ్యా" అని మొత్తుకున్నా కాగితం చూపించమంటాం. కచేరీకి మాత్రం రుజువు అక్కర్లేదంటే ఎట్లా?

మా డైరెక్టరు ధనుంజయమూర్తి గారు అప్పుడే కొత్తగా వచ్చారు. అంతకుముందు చేపల శాఖలో ఉండేవారు. సర్క్యులరు చదివి ఎంతో సంతోషించారు. "చూశావా వామనరావ్, చేపల శాఖలో ఫోటో లేకుండా చెరువే లేదు. చెరువు లేకుండా ఫోటో ఉండొచ్చు, అది వేరే సంగతి. ఇక్కడా ఆ క్రమశిక్షణ తేవాలి," అన్నారు. తగిన కెమెరా కొనేదాకా జిల్లాలో కచేరీలన్నీ ఆపేస్తూ ఆ సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చేశారు.

అప్పటికి వరసలో ముందున్నది షేక్ ఖుద్దూస్ సాహెబు గారి సన్నాయి కచేరీ.

సాహెబు గారి గురించి చెప్పాలి. మా వైపు దేవుడి కల్యాణమైనా, మనుషుల పెళ్లయినా ఆ ఇంటివాళ్ల సన్నాయే మోగాలి. తాతల నాటి నుంచీ అంతే. ఊళ్లో సగంమంది తాళిబొట్లు ఆయన ఊదుతుండగా పడ్డవే. నా పెళ్లికీ ఆయనే వాయించారని మా ఆవిడ అంటుంది, నాకు మాత్రం పురోహితుడి దగ్గు ఒక్కటే జ్ఞాపకం ఉంది. అదీ ఆయన బాధ. పెళ్లిలో జనం వంటశాల వైపు చూస్తారు, గుళ్లో దేవుడి వైపు చూస్తారు. రాగం మంచి పాకాన పడే సమయానికి పురోహితుడు చెయ్యి పైకెత్తి వేళ్లాడిస్తాడు, గట్టిమేళం అందుకోవాలి, రాగం అక్కడే పుటుక్కున తెగిపోతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎదురుగా కూర్చుని వినే జనం ముందు, ఎవరూ మధ్యలో ఆపకుండా, ఒక రాగాన్ని మొదట్నించీ చివరిదాకా వాయించాలని ఆయన కోరిక. మా మండలి వేదిక కోసం ఎన్నాళ్లుగానో కాసుక్కూర్చున్నారు.

తీరా వంతు వచ్చేసరికి పళ్లు కదిలాయి.

ఆయన కూతురు మెహరున్నీసా హైస్కూల్లో లెక్కల టీచరు. ఉత్తర్వు సంగతి తెలిసి బడి అయిపోగానే తిన్నగా నా టేబులు దగ్గరికి వచ్చింది.

"పైన ముందుపళ్లన్నీ ఊగతన్నాయి సార్. చిగుళ్లల్లో చీము పట్టింది, ఎంటనే పీకెయ్యాలంటన్నాడు డాక్టరు. పీకితే మా నాయన మళ్లా ఊదలేడు. కట్టుడు పళ్లతో అన్నమైతే తినొచ్చుగానీ పెదాలకి ఆ పట్టు రాదంట. అందుకని కచేరీ అయిందాకా పీకనిచ్చేది లేదని మొండికేసి కూర్చున్నాడు. రాత్రిళ్లు నొప్పికి మూలగతన్నాడు. మీరేమో కెమెరా కొన్నాక చూద్దామంటన్నారంట. కెమెరా కొనటానికి ఎంతసేపు పట్టిద్ది సార్? మొన్న మా ఆయన సంతకెళ్లినోడు అట్టనే కొట్లోకెళ్లి మిక్సీ కొనుక్కొచ్చాడు."

"అమ్మా, మిక్సీని మీ ఆయన కొన్నాడు. కెమెరాని ప్రభుత్వం కొనాలి," అన్నాను.

"తేడా ఏంది?"

"మీ ఆయన కొన్నాక మిక్సీ బాగాలేకపోతే మీరొక్కరే తిడతారు."

ఆమె నా వంక అదోలా చూసింది. నేను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు, అయినా త్వరపడతామని మాటిచ్చి పంపించాను.

త్వరపడ్డాం. ఆ వారంలోనే కమిటీ వేశాం. డైరెక్టరు గారు అధ్యక్షులు, అకౌంట్స్ ఆఫీసరు బృందావనమ్మ గారు సభ్యురాలు, నేను కార్యదర్శిని. మాకెవరికీ కెమెరా గురించి తెలియదు కనుక పక్షపాతం వచ్చే ప్రమాదం లేదు. సాంకేతిక సలహాదారుగా ప్రణీత్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాం. పెద్దపెద్ద నగరాల్లో, పొగలూ రంగు లైట్లూ ఎగిరే పాటల వేదికల దగ్గర ఫోటోలు తీసొచ్చినవాడు. ఒంటినిండా జేబులున్న కోటు వేసుకుని, మాట్లాడినంతసేపూ ఒక కన్ను మూసుకునే ఉంటాడు.

"కచేరీ ఫోటో అంటే చీకటితో కుస్తీ సార్," అన్నాడు ప్రణీత్. "ఫ్లాష్ కొట్టకూడదు, ఆర్టిస్టు డిస్టర్బ్ అవుతాడు. లైటు తక్కువ. ఆర్టిస్టు కదులుతాడు. కెమెరాకి ఈ రెండూ పడవు. తక్కువలో కావాలంటే అరచేతిలో ఇమిడేది ఒకటుంది. మధ్యరకం కావాలంటే సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ తీసుకుని మంచి లెన్సు ఒకటి తగిలిద్దాం. డబ్బుకి వెనకాడేది లేదంటే, ఇక చెప్పక్కర్లేదు, చీమ ఆవులించినా పట్టేస్తుంది. మీ బడ్జెట్ ఎంతో చెబితే ఏది కొనాలో ఇప్పుడే చెప్పేస్తాను."

బృందావనమ్మ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ కళ్లజోడు తీశారంటే ఎవరికో మూడిందన్నమాట. "బడ్జెట్ ముందే చెప్పేస్తే మిగతా రెండు తరగతుల కెమెరాలకీ అవకాశం నిరాకరించినట్టు కాదా? రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? అల్ప, మధ్యమ, అధిక బడ్జెట్లు మూడింటినీ సమదృష్టితో పరీక్షించి, తులనాత్మక పట్టిక పెట్టాలి."

"భేష్," అన్నారు డైరెక్టరు గారు. "పరీక్ష కచేరీలోనే జరగాలి."

"కచేరీలు ఆపేశాం కదండీ," అన్నాను.

"నమూనా కచేరీ పెడదాం. అది కచేరీ కాదయ్యా, కచేరీ వంటిది. కళాకారుడుంటాడు, వాద్యం ఉంటుంది, భంగిమ ఉంటుంది. శబ్దం ఉండదు."

బృందావనమ్మ గారు వెంటనే బలపరిచారు. "శబ్దం వస్తే అది కచేరీ అవుతుంది. కచేరీ అయితే పారితోషికం ఇవ్వాలి. పారితోషికానికి ఫోటో కావాలి. ఫోటోకి కెమెరా కావాలి. అదే మన దగ్గర లేదు. పైగా ఫోటోలో శబ్దం ఎటూ పడదు గదా."

నమూనా కచేరీకి ఖుద్దూస్ సాహెబు గారినే పిలిచాం. పిలవగానే వచ్చేశారాయన. పట్టుపంచె, జరీ కండువా, పక్కన డోలు అంకయ్య. అంకయ్య చిన్నప్పటి నుంచీ ఆయనతోనే ఉన్నాడు, ఇద్దరికీ పెళ్లాలతో కన్నా ఎక్కువ కాపురం.

"ఊదకూడదా?" అన్నారు సాహెబు గారు నేను నిబంధన చదివి వినిపించాక.

"పెదాల దగ్గర పెట్టుకోవచ్చు. గాలి మాత్రం వదలకూడదు."

ఆయన నవ్వారు. నవ్వుతుంటే పైపెదవి జాగ్రత్తగా కిందకి లాక్కుని పళ్లు కప్పుకున్నారు. "కానీండి బాబూ. పెళ్లిళ్లల్లో ఊదినా ఎవురూ ఇనలా. ఈడ ఊదకపోయినా చూసేవోళ్లన్నా ఉన్నారు."

మొదట అల్ప బడ్జెట్టు కెమెరా. హాల్లో మసక దీపాల కింద ప్రణీత్ టకటకా కొట్టాడు. ఫోటోలు కంప్యూటర్లో పెట్టి చూస్తే సాహెబు గారి మొహమంతా బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు డైరెక్టరు గారు.

"చీకట్లో చిన్న కెమెరాకి అట్లా వస్తుంది సార్. వెలుతురు చాలదు."

"అయితే తప్పు కెమెరాది కాదు, వెలుతురుది. వెలుతురు ఎక్కడుందో అక్కడికి పదండి."

ఎర్రటి ఎండలో డాబా ఎక్కాం. సాహెబు గారిని చాప మీద కూర్చోబెట్టి, పరీక్ష కోసం శ్రోతలుగా ఆఫీసు వాళ్లని ఎదురుగా నిలబెట్టాం. శ్రోతల నీడలు పోయి కళాకారుడి మీద పడ్డాయి. శ్రోతల్ని కిందికి పంపేశాం. అప్పుడు వచ్చింది చూడండి ఫోటో, అద్దంలో చూసినట్టు. సాహెబు గారు చెమటలు కారుస్తూ కిందికి దిగి మంచినీళ్లు తాగలేకపోయారు, చల్లనీళ్లు పళ్లకి తగిలితే ప్రాణం పోతోందన్నారు. కమిటీ మాత్రం ఏకగ్రీవంగా రాసింది: "అల్ప బడ్జెట్టు కెమెరా అన్ని విధముల శ్రేష్ఠము. అయితే కచేరీలను మధ్యాహ్న సమయమున డాబాపై, శ్రోతలు లేకుండ జరుపవలెను."

తర్వాతి పరీక్షకి మధ్యమ బడ్జెట్టు కెమెరా పట్టణం నుంచి రావడానికి పండగలూ సెలవులూ కలిసి చాలా రోజులే పట్టింది. ఈలోగా మెహరున్నీసా మళ్లీ వచ్చింది. సాహెబు గారు జావ మీద బతుకుతున్నారట. నోరు వాస్తే సాధన మానేసి వేళ్లతో మాత్రం సన్నాయి మీద గమకాలు పలికించుకుంటూ కూర్చుంటున్నారట.

"గాలి లేకుండా ఏళ్లు ఆడిస్తన్నాడు సార్ మా నాయన. కూకుని చూడలేకపోతన్నా. మీ నమూనా అలవాటయినట్టుంది," అంది.

ఆ మాట డైరెక్టరు గారి చెవిన వేశాను. "పళ్ల విషయం ఆరోగ్యశాఖ పరిధిలోది," అన్నారాయన. అదీ నిజమే.

మధ్యమ కెమెరా చీకట్లోనూ చూసింది. కానీ కదిలితే సహించలేదు. సాహెబు గారు రాయిలా కూర్చున్నారు, ఆయన చక్కగా పడ్డారు. అంకయ్యకి మాత్రం డోలు ఒళ్లో ఉంటే చేతులు ఊరుకోవు. శబ్దం రాకుండా గాలిలోనే వాయించుకున్నాడు. ఫోటోలో అతనికి మోచేతుల కింద పొగమంచు తప్ప ఏమీ లేదు.

"చేతులు లేని డోలు కళాకారుడికి పారితోషికం చెల్లిస్తే ఆడిట్ వాళ్లు నా చేతులు నరుకుతారు," అన్నారు బృందావనమ్మ గారు.

"చేతులు కదపకుండా డోలెట్టా వాయించేదండీ?" అన్నాడు అంకయ్య.

"వాయించమని ఎవరన్నారు?" అన్నారు డైరెక్టరు గారు ఓపిగ్గా. "డోలు మీద చేతులు ఆనించి ఉంచు. చూసేవాడు వాయిస్తున్నావనే అనుకుంటాడు. ప్రణీత్, కళాకారులు ఇంకా ఎక్కడెక్కడ కదులుతారో చెప్పు. అన్నీ మార్గదర్శకాల్లో పెట్టేద్దాం."

ప్రణీత్ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. తల, కనుబొమలు, భుజాలు. తాళం వేసే చెయ్యి. మధ్యలో సాహెబు గారు, "గమకాలు కూడా ఉండయ్ బాబూ," అన్నారు. ఆయన ఎగతాళికి అన్నారో నిజంగానే అన్నారో ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

"గమకం అంటే?" అన్నారు డైరెక్టరు గారు.

"సొరాన్ని ఊపటం."

"ఊపకూడదు. వామనరావ్, రాసుకో."

రాసుకున్నాను. "మధ్యమ బడ్జెట్టు కచేరీలలో గమకములు నిషేధము. ద్రుతకాలము అధిక బడ్జెట్టు కచేరీలకు మాత్రమే అనుమతింపబడును." బృందావనమ్మ గారు అక్కడితో ఆగక, ఏయే రాగాలు ఏయే బడ్జెట్టు కిందికి వస్తాయో ఒక పట్టిక తయారుచెయ్యమన్నారు. సంగీత కళాశాల ప్రిన్సిపాలుకి రాస్తే ఆయన నుంచి జవాబు రాలేదు. ఆయన వైద్య సెలవు పెట్టారని తెలిసింది.

ఇక అధిక బడ్జెట్టు కెమెరా. అది వచ్చిన రోజున ఆఫీసంతా లేచి నిలబడింది. లెన్సే పనసకాయంత ఉంది. దాన్ని డైరెక్టరు గారి కారు ముందుసీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి తెచ్చారు, డైరెక్టరు గారు వెనకసీట్లో వచ్చారు. దానికి స్టాండు వెయ్యాలంటే ముందువరస కుర్చీలన్నీ తీసెయ్యాల్సి వచ్చింది. ఇంకొంచెం దూరం కావాలంటే తర్వాతి వరసలూ తీసేశాం.

మంచి కెమెరా, కాదనను. మసక దీపంలో సాహెబు గారి చెవిమీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టేట్టు పడ్డాయి. అంకయ్య వేళ్లు గాలిలో ఉండగానే పట్టేసింది, అయిదుకి అయిదూ ఉన్నాయి. డైరెక్టరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇదయ్యా కచేరీ అంటే!" అన్నారు.

చిక్కల్లా, వెనక గోడమీద పాన్ మరకలు కూడా అంతే స్పష్టంగా పడ్డాయి. తెరకున్న చిరుగు పడింది. ముఖ్య అతిథి కోసం వేసే కుర్చీకి కట్టిన తాడు పడింది. ఇంత స్పష్టత రాజధానికి చేరితే ఇంకో మెమో ఖాయం. గోడకి రంగులేయించాలి, తెర మార్చాలి, కుర్చీ కొనాలి. మైకు కోసం ఉంచిన సొమ్ము తెరకి మళ్లించాం. మైకు ఎటూ ఫోటోలో మొహానికి అడ్డం వస్తోందని ప్రణీత్ కూడా అన్నాడు. రంగులు ఆరేసరికి మార్చి నెల వచ్చేసింది, మార్చి దాటితే నిధులు మురిగిపోతాయి. మురిగిపోయేటప్పుడు అల్పమూ మధ్యమమూ ఎవరికి కావాలి? తులనాత్మక పట్టిక అటకెక్కింది, పెద్ద కెమెరా కొనేశాం.

ఆ కబురు చెప్పడానికి నేనే సాహెబు గారింటికి వెళ్లాను. నాకైతే పట్టరాని సంతోషంగా ఉంది. చెంప ఉబ్బి, తువ్వాలు దవడకింద నుంచి తలపైకి కట్టుకుని మంచం మీద కూర్చున్నారాయన.

"ఊదగలరా?" అనడిగాను, తీరా అక్కడికి వెళ్లాక భయం పట్టుకుని.

"ఒక్కసారికి ఊదగలను బాబూ. రెండోసారికి నా చేతిలో లేదు," అన్నారు. "ఎవురూ మధ్యలో చెయ్యెత్తరుగా?"

"ఎత్తరండీ," అని గట్టిగా చెప్పాను.

కచేరీ నాటికి హాలు పెళ్లికూతుర్లా ఉంది. జనం కూడా అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చారు, సాహెబు గారి సన్నాయికి పెళ్లయిన వాళ్లే చాలామంది. ముందున్న ఖాళీలో కెమెరా, దానికో గార్డు. జనాన్ని వెనక తాడు అవతల కూర్చోబెట్టాం. గాలికి తెర ఊగుతుందని ఫంకాలు ఆపించాడు ప్రణీత్. చప్పట్లకి స్టాండు అదురుతుందని చప్పట్లు వద్దన్నాడు. ముఖ్య అతిథి గారు దీపం వెలిగించి, పూలదండ తీసుకుని, ఎవరికి వెయ్యాలో ఒక క్షణం తటపటాయించి, కెమెరాకి వేశారు.

సాహెబు గారు సన్నాయి పెదాలకి ఆనించుకున్నారు. అంకయ్య చేతులు డోలు మీద ఆనాయి. ప్రణీత్ ఒక కన్ను మూశాడు.

"కదలకండి!"

హాలంతా ఊపిరి బిగబట్టింది. క్లిక్కుమంది. కంప్యూటర్లో చూసుకుని డైరెక్టరు గారు బొటనవేలు పైకెత్తారు. నివేదిక అప్పటికే సిద్ధంగా ఉంది, ఫోటో జతపరిచి అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. శాలువా కప్పారు. వందన సమర్పణ నేనే చేశాను. ముఖ్య అతిథి గారు కారెక్కారు.

"మరి వాయించేది ఎప్పుడు బాబూ?" అన్నారు సాహెబు గారు.

డైరెక్టరు గారు ఆశ్చర్యపోయారు. "కచేరీ జరిగిపోయిందండీ! దిగ్విజయంగా జరిగింది. ఇదిగో ఫోటో. కెమెరాని సాయంత్రంలోగా స్ట్రాంగ్‌రూములో పెట్టించాలి, మీరిక దయచేయండి."

సాహెబు గారు తల వంచుకుని సన్నాయి వంకే చూస్తూ ఉండిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ చెయ్యెత్తరని మాటిచ్చినవాణ్ణి నేనే. ఇక్కడ చెయ్యెత్తడానికి అసలు మొదలు కూడా పెట్టనివ్వలేదు.

మెహరున్నీసా మెట్లెక్కి వేదిక మీదికి వచ్చేసింది. "కచేరీ అయిపోయిందంటన్నారుగా సార్?"

"అయిపోయిందమ్మా. రికార్డైపోయింది."

"అయితే ఇప్పుడు మా నాయన ఏం చేసినా అది కచేరీ కాదుగా?"

డైరెక్టరు గారు ఆలోచించారు. "కాదు. కచేరీ ఒకటే. అయిపోయింది."

"ఊదు నాయనా," అంది మెహరున్నీసా.

కెమెరాకి అప్పటికే తొడుగేసి గార్డు తీసుకెళ్లిపోతున్నాడు. వెనకాల తాడు తప్పుకుంది. జనం లేచి వెళ్లిపోతారనుకున్నాను, వాళ్లు కుర్చీలు ఎత్తుకుని ముందుకొచ్చి ఆ ఖాళీలో వేసుకుని కూర్చున్నారు. ఎవరో ఫంకాలు వేశారు. సాహెబు గారు దవడకి చెయ్యి ఆనించుకుని, కళ్లు మూసుకుని, ఊదారు.

మైకు లేదు, అక్కర్లేకపోయింది. ఆ రాగం తోడి అని తర్వాత అంకయ్య చెప్పాడు. నాకు రాగాలు తెలియవు, మండలిలో ఇన్నేళ్లు పనిచేసి కూడా తెలుసుకునే అవసరం రాలేదు. కానీ ఆ స్వరం ఒకచోట నిలిచి మెల్లగా ఊగడం నాకూ తెలిసింది. ఇంతటిదాన్నా మేం ఊపకూడదని రాసుకున్నది! ఇంతటిదాన్నా నా పెళ్లిలో నేను వినకుండా కూర్చున్నది! పక్కనున్న బృందావనమ్మ గారు కళ్లజోడు తీసేశారు. ఈసారి తుడుచుకోవడానికి.

డైరెక్టరు గారు నా చెయ్యి పట్టుకు గుంజారు. "వామనరావ్, అనుమతి లేకుండా ఇదేమిటి? ఆపించు."

"ఫోటో లేదు కదండీ. సర్క్యులరు ప్రకారం ఇదేమీ జరగడం లేదు సార్. జరగనిదాన్ని ఆపించమని నేను ఏ నిబంధన కింద రాయను?"

ఆయన సర్క్యులరు గుర్తుచేసుకుంటూ పక్కకుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి ఆయన బూటు నేలమీద మెల్లగా తాళం వేస్తోంది.

మధ్యలో ఒకచోట స్వరం చటుక్కున ఆగిపోయింది. సాహెబు గారు మొహం పక్కకి తిప్పుకుని, కండువా నోటికి అడ్డం పెట్టుకుని, దాంట్లోంచి దేన్నో తీసి జేబులో వేసుకున్నారు. కండువా మీద ఎర్రగా తగిలింది. మెహరున్నీసా ఒక్క గంతులో లేచింది. ఆయన వద్దన్నట్టు తలూపి మళ్లీ అందుకున్నారు. ఈసారి స్వరంతోపాటు సన్నగా గాలి బుసకొట్టింది. ఒక్కరూ కదల్లేదు. ఆ బుసతోనే, ఆ నొప్పితోనే, రాగాన్ని కొసదాకా తీసుకుపోయి, అక్కడ నెమ్మదిగా దించి వదిలిపెట్టారు.

ఆయన కళ్లు తెరిచి, అలవాటుకొద్దీ ఎవరు చెయ్యెత్తారో అన్నట్టు బెదురుగా అటూ ఇటూ చూశారు. వెనక వరసలోంచి ఎవరో పెద్దావిడ అరిచింది.

"ఏందమ్మా?" అన్నారు సాహెబు గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఇంకోటి వాయించండి సాహెబు గారూ!"

"ఇంకోటి! ఇంకోటి!" అన్నారు జనం. నా పక్కన డైరెక్టరు గారు కూడా అన్నారు, ఆయన అన్నట్టు ఆయనకే తెలియదు. మెహరున్నీసా ఏడుస్తూ, వద్దు నాయనా వద్దని రెండు చేతులూ ఊపుతోంది. సాహెబు గారు ఆమె వంక చూడలేదు. పన్ను ఊడిన సందు కప్పుకోవడం కూడా మర్చిపోయి, నోరంతా తెరిచి నవ్వుతూ పక్కకి తిరిగారు.

"ఒరే అంకయ్యా, ఇంకోటంటన్నార్రా!"